రెండంగుళాల తేడా

మగ్గం మీద పన్నె (నిలువు పోగుల్ని సందుల్లో పట్టి ఉంచే దువ్వెన) వెడల్పు 48 అంగుళాలు. నేసిన బట్టను దించి, ఒక రాత్రి అట్లా పడేసి, పొద్దున కొలిస్తే 46. ఆ రెండంగుళాలు ఎటూ పోలేదు. అడ్డంగా పోయే పేక పోగు ఒక నిలువు పడుగు పోగు మీంచి, ఇంకోదాని కిందినుంచి వంపులు తిరుగుతూ తినేసింది. మామూలు తెల్లబట్టలో ఈ తేడాను ఎవరూ లెక్కచెయ్యరు. పేక ఇక్కత్‌లో (నేతకు ముందే పేక పోగుకు కట్లు కట్టి రంగులద్ది పువ్వు తేల్చే పనిలో) మాత్రం పని మొత్తం దీని మీదే నిలబడుతుంది. చేనేత డిప్లొమా రెండో ఏడు నేను వేసిన మొదటి ఇక్కత్ నమూనాకు ఆసును (రంగుకు ముందు పేక దారాన్ని చుట్టుకునే మేకుల చట్రాన్ని) బట్ట కొలతకు, అంటే 46కు, బిగించాను. మగ్గంలో ఒక్కో పోగు 48 అడుగుతుంది. పోగు పోగుకూ రంగు రెండంగుళాలు పక్కకు జరిగి, పువ్వు నాలుగు పోగుల్లోనే చెదిరిపోయింది. దాన్ని బాగుచేసే దారి లేదు, విప్పి పడేయడమే.

తర్వాత పోచంపల్లిలో ప్లేస్‌మెంట్‌కు (కోర్సులో భాగంగా కొన్ని వారాలు పని నేర్చుకోవడానికి) పోయినప్పుడు ఇదే సంగతి ఒక పెద్దమ్మ ఒక్క మాటలో చెప్పింది: "ఎక్కువైతె అంచుకు ఇడుస్తం బిడ్డా, తక్కువైతె యాడికెల్లి తెస్తం?" మూడేళ్ల ప్రాజెక్టుల్లో, ప్లేస్‌మెంట్లలో, బడుల్లో పెట్టిన వర్క్‌షాపుల్లో నాకు తగిలిన తప్పుల్లో ముప్పావు వంతు ఈ 'ఎంత వదలాలి' అన్న దగ్గర వచ్చినవే. ఈ కోర్సులో చేరేవాళ్లకు పనికొస్తుందని అంకెలతో సహా రాస్తున్నా.

నూలు కొనే ముందు

కౌంటు అంటే ఒక పౌను నూలులో 840 గజాల చిలపలు (నూలు చుట్టలు) ఎన్ని వస్తాయన్నది. కౌంటును 1,693తో గుణిస్తే కిలోకు ఎన్ని మీటర్లో తెలుస్తుంది. కట్ట మీద 2/80 అని ఉంటే రెండు 80 కౌంటు పోగులు కలిపి పురి పెట్టినదని అర్థం. లెక్కకు అది 40. అంటే కిలోకు దాదాపు 67,700 మీటర్లు. చాలామంది 80తో లెక్కేసి సగం నూలే తెచ్చుకుంటారు. బట్ట మధ్యలో నూలు అయిపోతుంది, మళ్లీ తెచ్చినది ఆ ఛాయకు కలవదు.

మా ప్రాజెక్టు 48 అంగుళాల పన్నెలో పది మీటర్ల బట్ట. పన్నె 60 నంబరు, అంటే రెండంగుళాలకు 60 సందులు. సందుకు రెండు పోగుల చొప్పున అంగుళానికి 60 పోగులు. 48ని 60తో గుణిస్తే 2,880. అంచులు గట్టిగా ఉండటానికి అటు 20, ఇటు 20 కలిపితే 2,920. పది మీటర్ల బట్టకు పడుగు పన్నెండు మీటర్లు పోసుకోవాలి. ఈ రెండు మీటర్ల అదనంలో అర మీటరుకు పైగా అల్లికలో ముడుచుకుపోతుంది. ఇంచుమించు మీటరు మగ్గం ముందూ వెనకా నేయడానికి వీలుకాక మిగిలిపోతుంది. మిగతాది తప్పులకు. మొత్తం 35,040 మీటర్లు, బరువులో 520 గ్రాములు. పేక అంగుళానికి 56 పోగుల లెక్కన పది మీటర్లకు 22,000 పోగులు, ఒక్కోటి 1.22 మీటర్లు. కండెల్లో (పేక దారం చుట్టుకునే చిన్న గొట్టాల్లో) మిగిలేది, తెగి పోయేది కలుపుకొని ఐదు శాతం ఎక్కువ వేసుకుంటే 420 గ్రాములు. కిలో నూలుతో పని జరుగుతుంది, కానీ చిలపల నూలు కట్టల లెక్కన దొరుకుతుంది కాబట్టి నలుగురు కలిసి ఒక కట్ట తీసుకొని పంచుకోవడం మంచిది. నలుగురిదీ ఒకే లాటు అయితే రంగు కూడా ఒకేలా పడుతుంది.

పడుగు పోయడం కాలేజీలో డ్రమ్ము మీద. స్టాండుకు 40 కోన్లు పెట్టుకుంటే 73 వరసల్లో 2,920 పోగులు పూర్తవుతాయి. ఇక్కడ జరిగే నష్టం ఒక్కటే: పోగులు ఒకటి విడిచి ఒకటి పైకీ కిందికీ పోయేలా కర్రలు దూర్చుకునే చోటును వదిలేయడం. ఆ కర్రలు జారిపోతే ఏ పోగు తర్వాత ఏ పోగో తెలియదు, పడుగంతా జడలు కట్టిన జుట్టే. కర్రలు రెండు కొసలా దారంతో కట్టేదాకా అక్కడినుంచి లేవొద్దు.

గంజి గురించి పుస్తకంలో ఉన్నంత అవసరం లేదు. 2/80 లాంటి జోడు పోగుకు పలుచటి గంజి చాలు. అర కిలో పడుగుకు 30 గ్రాముల బియ్యప్పిండి, లీటరు నీళ్లు, ఒక చెంచా కొబ్బరినూనె. ఒంటి పోగు అయితే పిండి రెట్టింపు. గంజి చిక్కనైతే పోగు పుల్లలా బిరుసెక్కి హీల్డ్ (పడుగు పోగుల్ని పైకీ కిందికీ ఆడించే దారపు కళ్లు) దగ్గర టపటపా తెగుతుంది, నూనె ఎక్కువైతే తర్వాత రంగు మచ్చలు పడుతుంది. ఊళ్లలో పడుగును తెల్లవారకముందే వీధిలో సాగదీసి కుంచెతో దువ్వుతారు. ఎండ ఎక్కితే కుంచె తగిలేలోపే గంజి ఆరి పోగులు ఒకదానికొకటి అంటుకుంటాయి. మేము కాలేజీ టైముకు, పదకొండింటికి, ఈ పని పెట్టుకున్నాం. ఏమైందో చెప్పక్కర్లేదు.

అచ్చు అతకడం మాత్రం చెయ్యి మీద పడితేనే వచ్చే విద్య. పాత పడుగు చివరను హీల్డుల్లో, పన్నెలో అట్లాగే ఉంచి, దాని ఒక్కో పోగుకు కొత్త పడుగు పోగును బొటనవేలు, చూపుడువేలు మధ్య పురి తిప్పి కలుపుతారు. వేళ్లకు బూడిద రాసుకుంటే జారదు. ముడి వెయ్యరు. ముడి పన్నె సందులో ఇరుక్కుంటుంది. అలవాటున్న చెయ్యి పూటలో ముగించే 2,920 పోగులు నాకు రెండు రోజులు పట్టాయి. వరసలో ఒక్క పోగు తప్పితే బట్ట పొడవునా జంట పోగు గీతలా కనబడుతుంది. అందుకే వందేసి పోగులకు ఒకసారి వెనక్కి లాగి చూసుకోవాలి. మొత్తం అయ్యాక చూద్దామంటే వెయ్యి పోగులు విప్పాల్సి వస్తుంది.

ఆసు, చిటికి, రంగు

ఆసు అంటే ఒక పక్క ఒక మేకు, దానికి ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరసగా మేకులు. దారం నడిమేకు నుంచి ఎదుటి మేకుకు పోయి తిరిగొస్తే రెండు పేక పోగులు. నా నమూనాలో పువ్వు ఎత్తు మూడంగుళాలు, అంటే 168 పోగులు. గ్రాఫు కాగితం మీద ఒక గడి నాలుగు పోగులకు సమానం, కాబట్టి 42 వరసలు. పువ్వు కింది సగం, పై సగం అద్దంలో చూసినట్టు ఒకేలా ఉంటే 42 మేకులు అక్కర్లేదు, 21 చాలు. దారాన్ని ఒకటి నుంచి ఇరవై ఒకటి దాకా, మళ్లీ ఇరవై ఒకటి నుంచి ఒకటి దాకా, మేకుకు రెండు చుట్ల చొప్పున తీసుకుపోతే ఒక పువ్వు. ఇట్లా ఆరుసార్లు పోస్తే ఆరు పువ్వులు ఒకే కట్టలో పడతాయి. మేకుకు 48 పోగులు, మొత్తం 1,008, నేస్తే 18 అంగుళాల బట్ట. చిటికి, అంటే రంగు తగలకూడని చోట బిగించే కట్టు, ఒక్కసారి కడితే ఆరు పువ్వులకూ సరిపోతుంది.

చేత్తో పోసేటప్పుడు ఒక చీరకు చెయ్యి 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలి. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం వాళ్లమ్మ భుజం నొప్పి చూసి ఏళ్ల తరబడి కష్టపడి 1999లో లక్ష్మి ఆసు యంత్రం తయారుచేసింది ఈ పని కోసమే. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. యంత్రం మీద కూడా వెడల్పు మనమే బిగించాలి. ఇప్పుడు నేను పన్నె వెడల్పుకు ముప్పావు అంగుళం కలిపి బిగిస్తాను. ఆ ముప్పావు నేసేటప్పుడు అంచు దగ్గర చిన్న ఉచ్చుగా బయటికొస్తుంది. పోచంపల్లి చీర అంచు దగ్గర అక్కడక్కడా కనబడే ఉచ్చులు లోపం కాదు, పోగును గుర్తుకు సరిదిద్దిన ఆనవాలు.

ఆసుకు ముందే నూలును ఉడికించాలి. ముడి నూలును నూటికి మూడు గ్రాముల సోడాతో, కొంచెం సబ్బుతో గంటసేపు మరిగిస్తే మైనం, జిడ్డు పోతాయి, పోగు కొంచెం కుంచించుకుంటుంది. చిటికి కట్టాక ఈ పని చేస్తే ఆ కుంచించుకున్నంత మేర లెక్క తప్పుతుంది. పైగా కట్టు వదులవుతుంది.

ఆసు మీద కట్టలు తయారయ్యాక వరస చెడకుండా చిటికి చట్రానికి ఎక్కించి, గ్రాఫు ప్రకారం నిలువు గీతలు గీసుకుంటాం. గీయడానికి కడిగితే పోయే సిరా వాడాలి. బాల్‌పెన్ గీత తెల్ల భాగంలో జీవితాంతం ఉంటుంది. కట్టేది సైకిల్ ట్యూబును మూడు నాలుగు మిల్లీమీటర్ల వెడల్పున కోసిన పట్టీలతో. పట్టీని సాగదీసి, ఒక చుట్టు మీద సగం ఎక్కేలా ఇంకో చుట్టు వేస్తూ పోవాలి. చివర ముడి అక్కర్లేదు, ఆఖరి చుట్టు కిందికి కొసను దూరిస్తే చాలు. ఎంత బిగించినా కట్టు కొసల్లోకి రంగు మిల్లీమీటరు దాకా పాకుతుంది. అందుకే పది మిల్లీమీటర్ల తెల్ల గడి కావాలంటే పన్నెండు కట్టాలి. ఈ పాకడమే ఇక్కత్ పువ్వు అంచుకు ఆ మసక అందం ఇస్తుంది. కానీ మిల్లీమీటరు దాటితే అందం కాదు, అలుకుడు.

తెలుపు, ఎరుపు, నలుపు మూడు రంగులకు వరస ఇది: తెల్లగా ఉండాల్సినవి కట్టి ఎరుపులో ముంచడం, ఆ తర్వాత ఎర్రగా మిగలాల్సినవి కూడా కట్టి నలుపులో ముంచడం. అన్నీ విప్పడం ఆఖరున. నాకు కావాల్సింది 90 అంగుళాల నేత, అంటే ఐదు ఆసులు, దాదాపు 90 గ్రాముల నూలు. వంద గ్రాములకు లెక్క వేసుకున్నాను. చల్లనీళ్ల రియాక్టివ్ ఎరుపు 2 గ్రాములు, నీళ్లు 3 లీటర్లు, ఉప్పు 150 గ్రాములు. కట్టలను ముందు ఉత్త నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి పిండాలి. పొడి కట్టను రంగులో ముంచితే దాహంతో ఉన్నదానిలా కట్టు కిందికి కూడా లాక్కుంటుంది. రంగు, ఉప్పులో అరగంట తిప్పాక 60 గ్రాముల సోడా యాష్‌ను వేరే నీళ్లలో కరిగించి రెండు దఫాలుగా పోయాలి, తర్వాత గంట. సోడా ముందే వేస్తే రంగు నూలుకు పట్టేలోపే నీళ్లలో చచ్చిపోతుంది, పట్టినకాడికి మచ్చలు మచ్చలుగా పడుతుంది. నలుపుకు రంగు 6 గ్రాములు, ఉప్పు 240, సోడా అంతే.

ఐదు ఆసులకూ ఒకే గిన్నె. వేర్వేరుగా ముంచితే ప్రతి 18 అంగుళాలకు ఛాయ మారి బట్ట మీద పట్టీలు తేలతాయి.

ఇక నీళ్లు. మన నల్లగొండ వైపు బోరునీళ్ల గట్టిదనం రంగులో తెలిసిపోతుంది. కాలేజీ ల్యాబులో మెత్తటి నీళ్లతో వచ్చిన ఎరుపు అదే కొలతతో ఊళ్లో బోరునీళ్లలో మసకగా, చుక్కలు చుక్కలుగా వచ్చింది. నీళ్ల గట్టిదనం తగ్గించే కాల్గన్ పొడి లీటరుకు గ్రాము వేశాక కుదిరింది. వాననీళ్లు పట్టుకున్నవాళ్లకు ఈ గొడవ లేదు.

విప్పడంలో చేసే తప్పు తెలుపును మురికి చేస్తుంది. నలుపు తీశాక కట్లు ఉండగానే చల్లనీళ్లు నాలుగైదుసార్లు మార్చి, నీళ్లు తేటపడేదాకా కడగాలి. అప్పుడు పట్టీలు విప్పి, వెంటనే ఎక్కువ నీళ్లలో సబ్బు వేసి నూలును మరగబెట్టాలి. విప్పిన నూలును సగం కడిగి గిన్నెలో వదిలి అన్నానికి పోతే, వచ్చేసరికి తెలుపు బూడిదరంగు. కట్టు విప్పేటప్పుడు బ్లేడు వాడొద్దు. ట్యూబు కొస లాగితే దానంతట అదే ఊడొస్తుంది.

నేతలో కనుక్కున్న ఇంకో సంగతి. పేకలో తెల్ల పువ్వు ఎంత శుభ్రంగా వచ్చినా పడుగు ఎర్రగా ఉంటే బట్టలో అది గులాబీ పువ్వే. 60కి 56 అల్లికలో సగం పడుగు కనబడుతుంది. నా రెండో నమూనాకు గ్రాఫులో తెలుపు, ఎరుపు అని గర్వంగా రాసుకొని పడుగు మెరూన్ వేశాను. గైడ్ గారు ఏమీ అనలేదు, రెండు పోగులు నా చేతిలో పెట్టి పురి తిప్పమన్నారు. రంగు నిఖార్సుగా కావాలంటే పడుగును కూడా అదే చోట కట్టాలి, అంటే జంట ఇక్కత్. పడుగు పువ్వు, పేక పువ్వు గడికి గడి ఎదురుపడాలి. పుట్టపాకలో ఆ పని చూశాక మాలాంటివాళ్లు ఒక్క సెమిస్టరులో దాని జోలికి పోకూడదని అర్థమైంది.

పుట్టపాక రుమాలు, నూనె వాసన

సంస్థాన్ నారాయణపురం మండలంలోని పుట్టపాక తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు ఉంది. గజం గోవర్ధన, గజం అంజయ్య పద్మశ్రీలు ఈ ఊరివాళ్లే. తేలియా అంటే నూనెది. ఆముదం కాయల పొట్టు కాల్చిన బూడిదను నీళ్లలో నానబెట్టి, తేరిన నీటిని నూనెతో కలిపి తెల్లగా గిలక్కొట్టి, ఆ నీళ్లలో నూలును రోజూ పిసికి, ఆరబెట్టి, మళ్లీ పిసుకుతారు. రెండు మూడు వారాలు సాగుతుంది. బూడిదలోని క్షారం నూనెను సబ్బులా చీల్చి పోగు లోపలికి పంపుతుంది. పటిక పెట్టి ఎర్ర రంగు అలిజరిన్‌లో ఉడికించినప్పుడు ఎరుపు ఆ నూనెను, పటికను పట్టుకొని గట్టిపడుతుంది. ఆముదం పండే నేల కాబట్టి పొట్టుకు కొరత లేదు.

నేను 50 గ్రాముల నూలుతో పదిహేను రోజులు చేసి చూశాను. రెండు తప్పులు తగిలాయి. బూడిదను పలుచటి గుడ్డలో వడకడితే ఇసుకలాంటి రేణువులు పోగును కోస్తాయి, రెండు పొరల గుడ్డ కావాలి. నూనె పట్టిన నూలును ఉండచుట్టి మూలన పెడితే లోపల వేడెక్కి పసుపు తిరుగుతుంది, విప్పి దండెం మీద వెయ్యాలి. నూనె వాసన ఉతికినా కొన్నాళ్లు వదలదు. హాస్టల్ గదిలో పెట్టుకునేవాళ్లు రూమ్మేట్లను ముందు అడగండి.

ప్లేస్‌మెంట్

2024లో హైదరాబాద్‌లో కొండా లక్ష్మణ్ బాపూజీ పేరుతో చేనేత సాంకేతిక సంస్థ వచ్చింది. అంతకుముందు ఈ డిప్లొమాకు మనవాళ్లు వెంకటగిరికో, ఒడిశాలోని బర్‌గఢ్‌కో పోయేవాళ్లు. ఎక్కడ చదివినా ప్లేస్‌మెంట్ అడిగేటప్పుడు తేల్చుకోవాల్సింది ఒక్కటి: మగ్గం మీద కూర్చోనిస్తారా, లేదా. నా బ్యాచ్‌లో ఒకరు పోయిన చోట ఆరు వారాలూ చీరలకు ధర చీటీలు అంటించడమే పని. అది కూడా వ్యాపారంలో భాగమే, కానీ రిపోర్టులో రాయడానికి ఏమీ ఉండదు.

సహకార సంఘంలో పని నిదానం, కానీ లెక్కల పుస్తకం చూపిస్తారు: ఎవరికి ఎంత నూలు ఇచ్చారు, ఎంత బట్ట తిరిగొచ్చింది, తరుగు ఎంత. డిజైన్, రంగు, ఆర్డరు చూడాలంటే మాస్టర్ వీవర్ (నూలు, డిజైన్ ఇచ్చి నేయించుకునేవాడు) దగ్గరికి పోవాలి. నేను మొదటి రెండు వారాలు సంఘంలో, తర్వాత ఒక నేతగాని ఇంట్లో ఉన్నాను. ఇంట్లో అడుగుపెట్టాక ఆసు, చిటికి, కండెలు అన్నీ ఆడవాళ్ల చేతిలోనే ఉంటాయి. మగ్గం దగ్గర కూర్చున్న మామను మాత్రమే ప్రశ్నలడిగి, పక్కన కండెలు చుట్టే అక్కను వదిలేస్తే సగం సమాచారం పోయినట్టే. కూలి అడిగేటప్పుడు చీరకు ఎంత అని కాదు, ఒక పడుగుకు ఇంట్లో ఎంతమంది ఎన్ని రోజులు అని అడగాలి. అప్పుడే లెక్క నిజం చెబుతుంది.

తీసుకుపోవాల్సినవి: పోగులు లెక్కపెట్టే భూతద్దం, టేపు, గ్రాఫు పుస్తకం, ప్రతి లాటు నూలు ముక్క అంటించడానికి కార్డులు. ఫొటోల కంటే ఆ ముక్కలు ఎక్కువ పనికొస్తాయి. వానాకాలంలో పోతే గుంట మగ్గాల్లోకి తేమ ఊరుతుంది, పని ఆగుతుంది. నేను జులైలో పోయి ఐదు రోజులు ఊరకే కూర్చున్నాను.

అక్కడే అలవాటైన ఇంకో పని, ప్రింటు ఇక్కత్‌ను పట్టుకోవడం. బట్ట తిప్పి చూస్తే అచ్చు వేసినదానికి వెనక వైపు రంగు వెలిసి ఉంటుంది, నేసినదానికి రెండు వైపులా ఒకటే. అంచు నుంచి ఒక పేక పోగు లాగితే నేసినదానిలో పోగు పొడవునా రంగులు మారుతూ కనబడతాయి, అది కూడా పోగు లోపలి దాకా. అచ్చు వేసిన పోగులో రంగు చుక్కలు చుక్కలుగా, ఒక పక్కే ఉంటుంది. పవర్‌లూమ్ మీద నేసిన ఇక్కత్‌కు మాత్రం ఈ పరీక్షలు చాలవు. దాని అంచులు మరీ సాఫుగా, అద్దినట్టు ఉండటమే ఆనవాలు. ఇక్కత్ చీరలు చేనేతకే కేటాయించాలన్న చట్టం 1985 నుంచీ ఉంది. బజారులో చట్టం వెతికినా కనబడదు, అది వేరే సంగతి.

గద్వాల మూడు నాడెలు

గద్వాల చీరలో ఒళ్లు నూలు, అంచు, కొంగు పట్టు. మూడు వారాల్లో చీర నేర్చుకోలేం కాబట్టి మేము 20 అంగుళాల వెడల్పు నమూనా పెట్టుకున్నాం. మధ్యలో 12 నూలు, అటూ ఇటూ 4 చొప్పున పట్టు. నాడెలు (పేక దారాన్ని పడుగులోంచి అటూ ఇటూ తీసుకుపోయేవి) మూడు: ఎడమ అంచుకు ఒకటి, ఒంటికి ఒకటి, కుడి అంచుకు ఒకటి. పడుగు నోరు తెరుచుకున్నాక అంచు నాడె లోపలికి వచ్చి, ఒంటి పేకను కొక్కెంలా పట్టుకొని వెనక్కి పోతుంది. అది పట్టుకోకపోతే అంచుకూ ఒంటికీ మధ్య చీలిక. పెద్ద చీరకు మగ్గం మీద ఇద్దరు కూర్చునేది ఇందుకే.

కొక్కెం ఎంత బిగించాలన్నదే ఇక్కడి విద్య. గట్టిగా గుంజితే కలిసేచోట కుచ్చులు పడి బట్ట అలల్లా లేస్తుంది. వదులైతే వెలుతురుకు పట్టుకున్నప్పుడు సూది బెజ్జాల వరస. "గుంజకు, తగిలియ్యి చాలు" అని పక్కనున్నాయన పదిసార్లు అన్నాడు. తగిలియ్యడం అంటే ఏంటో మూడో రోజుకు చేతికి తెలిసింది: నాడె వెనక్కి పోయాక వేలితో ఒకసారి తట్టి, దువ్వే ముందు పోగును అరవంపులో వదలాలి.

రెండో చిక్కు పట్టుకు, నూలుకు సాగుడు ఒకటి కాకపోవడం. రెండింటినీ ఒకే దిమ్మకు చుడితే రెండు మూడడుగుల్లోనే అంచు వదులై వేలాడింది. అంచు పడుగును విడిగా బరువు కట్టి దించాక నిలబడింది. కొంగు దగ్గర నూలు పడుగు ఆగి పట్టు పడుగు మొదలయ్యే చోట ప్రతి పోగూ అతకాల్సిందే. అచ్చు అతికిన అలవాటు అక్కడ అక్కరకొచ్చింది.

పట్టును ముందే ఉడికించి జిగురు తీయాలి. ముడిపట్టు బరువులో ఇంచుమించు పావు వంతు జిగురే. అంచుకు 100 గ్రాములు కావాలంటే ముడిపట్టు 135 దాకా కొనాలి. ఇది మరిచి 100 కొన్నవాళ్లు మా బ్యాచ్‌లో ఇద్దరు.

బడిలో వర్క్‌షాపు

కోర్సులో భాగంగా రెండు ఊరి వర్క్‌షాపులు చెయ్యాలి. మహబూబ్‌నగర్ వైపు ఒక జిల్లా పరిషత్ బడిలో ఏడో తరగతి పిల్లలతో ఒకటి, మహిళా సంఘంతో ఒకటి చేశాం.

పిల్లలకు అట్టముక్క మగ్గం. కిరాణా డబ్బా అట్టను 20 సెంటీమీటర్ల పొడవు, 15 వెడల్పున కోసి, పై కొసన, కింది కొసన సెంటీమీటరుకు ఒక గాటు పెట్టాలి. గాట్లు ముందే మనమే పెట్టి తీసుకుపోవాలి. ముప్పై మంది చేతికి కత్తెరలిస్తే గంట అక్కడే పోతుంది. పడుగుకు లావు నూలుదారం, పేకకు పాత నూలుచీర పట్టీలు. ఐదున్నర మీటర్ల చీరను పొడవునా ఒకటిన్నర సెంటీమీటరుకు చించితే 75 పట్టీలు, నాలుగు వందల మీటర్లు. పిల్లవాడికి నాలుగు మీటర్లు చాలు. అంటే ఒక్క చీరతో వంద మందికి సరి. చీరను కత్తిరించొద్దు, చిన్న గాటు పెట్టి చించితే పోగు వెంబడి తిన్నగా పోతుంది.

పడుగు మరీ బిగిస్తే అట్ట విల్లులా వంగుతుంది. వేలు దూరేంత వదులుండాలి. రెండు గంటల్లో మొదటి అరగంట పడుగుకే పోతుంది, కాబట్టి నమూనా చూపించి ఉపన్యాసం మొదలుపెట్టకుండా వెంటనే దారం చేతికివ్వాలి.

సంఘంలో చేసింది కరక్కాయ, పటిక, దానిమ్మ తొక్క. కిలో ఉడికించిన నూలుగుడ్డకు కరక్కాయ పొడి 200 గ్రాములు నీళ్లలో కలిపి, గుడ్డను గంట నానబెట్టి, కడగకుండా ఆరబెట్టాలి. తర్వాత 150 గ్రాముల పటిక కరిగించిన నీళ్లలో ఇంకో గంట. ఆపైన దానిమ్మ తొక్క 300 గ్రాములు మరిగించి వడకట్టిన నీళ్లలో ముప్పావు గంట సన్నమంట. నిఖార్సైన పసుపు వస్తుంది. మాకు మొదటి విడత ఆలివ్ ఆకుపచ్చ వచ్చింది, ఎందుకంటే వాళ్లింటి నుంచి తెచ్చిన గిన్నె ఇనుపది. ఇనుము తగిలితే కరక్కాయ నల్లబడుతుంది. రెండో విడతకు స్టీలు గిన్నె. ఆకుపచ్చ గుడ్డనే అందరూ బాగుందని తీసుకుపోయారు.

పిల్లల పనిలో ముప్పైకి ఇరవై అయిదు మందికి వచ్చిన తప్పు ఒక్కటే. కింద 14 సెంటీమీటర్లతో మొదలైన నేత పైకి పోయేసరికి 10కి వచ్చి, డమరుకంలా నడుము సన్నబడింది. పట్టీని అంచు నుంచి అంచుకు తిన్నగా లాగి దువ్వుతున్నారు. తిన్నగా లాగిన పోగుకు వంపులు తిరగడానికి మిగులు ఉండదు, అంచుల్నే లోపలికి లాక్కుంటుంది. పట్టీని కొండలా పైకి వంచి వేసి, నడుమ వేలితో కిందికి నొక్కి, అప్పుడు రెండు పక్కలా దువ్వమని చూపించాం. రెండో అట్ట మీద వెడల్పు పదమూడున్నర నిలబడింది. ఒక పిల్ల ఆ అర సెంటీమీటరు కూడా ఎందుకు పోయిందని అడిగి, స్కేలు పెట్టి మళ్లీ కొలిచింది.